ఒక చిట్టి సీసా తేడా

పన్నెండు చిట్టి సీసాలూ పిన్ని చేతిసంచిలోంచి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఒక్కో సీసాకి ఒక్కో సాక్సు. ముప్పై ఏళ్ళు హోటల్లో గదులు సర్దిన మనిషి ఆవిడ. మంచాల కింద దొరికిన ఒంటి సాక్సులన్నిటికీ ఆవిడ దగ్గర ఏదో ఒక ఉద్యోగం ఉండేది. సాక్సు విప్పడం, సీసాని చేతిరుమాలుతో ఒకసారి తుడవడం, బల్ల మీద పెట్టి లేబుల్ ఎదుటి మనిషి వైపు తిప్పడం. ఆవిడకి తొందరేమీ లేదు. ఎదురుగా కూర్చున్న మదింపు సారు మాత్రం రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

ఆ వేలం ఆఫీసులో పాత విస్కీలకి ధర కట్టేది ఆయనే. పేరుతో ఎవరూ పిలవరు, మదింపు సారంటే చాలు. పిన్ని పక్కన నిలబడ్డది ఆవిడ అక్క కూతురు. అదే ఆఫీసులో వెనక గదిలో కూర్చుని వచ్చిన ప్రతి సీసానీ కొలిచి కాగితం మీద రాసే పని ఆమెది. పదకొండేళ్ళుగా కొలుస్తూనే ఉంది కాబట్టి అందరికీ కొలతమ్మ అయిపోయింది. ఈ సోమవారం పిన్నిని రెండు బస్సులు మార్పించి ఇక్కడికి తీసుకొచ్చింది తనే.

"ఇవన్నీ ఒకాయనే ఇచ్చాడండి," అంది పిన్ని. "విస్కీ కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగే ఆయన. ఏడాదికోసారి వచ్చి మా హోటల్లోనే దిగేవాడు. వెళ్ళేటప్పుడు చిల్లర లేదమ్మా, ఇది ఉంచుకో అని ఒకటి చేతిలో పెట్టేవాడు. పన్నెండేళ్ళు ఒక్క ఏడు కూడా తప్పలేదు. తర్వాత ఆ కంపెనీయే మూసేశారట, ఇక రాలేదు. నాకా తాగే అలవాటు లేదు. పారేయడానికి మనసొప్పలేదు."

"అడుగున ఈ ఎర్ర చుక్కలేంటి?"

"గోళ్ళ రంగండి. ఏ ఏడుది ఏదో నాకు తెలియాలిగా. మొదటి ఏడుదానికి ఒక చుక్క, రెండోదానికి రెండు. అలా పన్నెండు దాకా పెట్టాను."

మదింపు సారు ఒక సీసా ఎత్తి దీపానికి అడ్డంగా పట్టుకుని చూశాడు. రెండోది చూశాడు. మూడోదాని దగ్గర ఆయన చెయ్యి కాస్త ఎక్కువసేపు ఆగింది. ఆ ఆగడం కొలతమ్మ చూసింది గానీ ఎందుకాగిందో ఆలోచించలేదు.

"చిన్న సీసాకి చిన్న ధరేనమ్మా," అన్నాడాయన సీసా కింద పెట్టి. "ఇందులో ఉండేది యాభై మిల్లీ. ఇలాంటివి పదిహేను కలిస్తే గానీ ఒక అసలు సీసా అవదు. మీ దగ్గరున్నవి పన్నెండు. అంటే మీరు ఒక్క సీసా కూడా తేలేదన్నమాట."

తన జోకుకి తనే నవ్వాడు. పిన్ని కూడా మర్యాదకి నవ్వింది.

"ఇంత చిన్నవి మా వేలంలో పెట్టరు. కానీ మీ అమ్మాయి మా దగ్గర పనిచేస్తోంది కదా, ఉత్త చేతుల్తో పంపడం నాకూ బాగోదు. నా జేబులోంచి ఇచ్చి నేనే ఉంచుకుంటాను. ఏమంటారు?"

పిన్ని కొలతమ్మ మొహంలోకి చూసింది. కింది అంతస్తులో గది ఖాళీ అయిందనీ, నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వకుండా ఆపుతాననీ ఇంటి ఓనరు చెప్పిన దగ్గర్నుంచి ఆవిడకి అదే ధ్యాస. మూడో అంతస్తుకి అరవై ఆరు మెట్లు. మోకాళ్ళు రెండూ పోయాయి. దిగితే ఎక్కలేనని వారానికి ఒక్కసారే దిగుతుంది. ఆయన చెప్పిన మొత్తం కింది గది అడ్వాన్సులో పావు వంతు కూడా కాదు.

"సారు మన మంచికే చెప్తున్నారు, ఇచ్చెయ్ పిన్నీ," అంది కొలతమ్మ.

ఈ మాట తర్వాత ఆమెని ఎంత కాల్చుకుతిందో చెప్పడం కష్టం.

"పోనీలే," అంది పిన్ని. ఆవిడ జీవితంలో అన్నిటికీ ఆ ఒక్క మాటే. నీళ్ళు రాకపోయినా పోనీలే, ఎవరైనా క్యూలో తోసుకుని ముందుకెళ్ళినా పోనీలే. డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకుని, చీటీ రాసిమ్మని అడిగింది. మదింపు సారు విసుక్కుంటూనే చిన్న కాగితం మీద 'చిల్లర సీసాలు, పన్నెండు' అని రాసి సంతకం గీకి ఇచ్చాడు. పిన్ని ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి, సాక్సులన్నీ సంచిలో సర్దుకుని, ఆయన చల్లగా ఉండాలని చెప్పి మరీ లేచింది.

బుధవారం పొద్దున కొలతమ్మ బల్ల మీదికి వచ్చే వేలానికి సంబంధించిన సరుకు చేరింది. ఆమె పని పద్ధతి ఎప్పుడూ ఒకటే. తెల్లగుడ్డ పరుస్తుంది. సీసా వెనక దీపం పెట్టి, లోపలి ద్రవం మెడలో ఎక్కడిదాకా ఉందో స్కేలుతో చూస్తుంది. దర్జీ టేపు పొట్ట చుట్టూ తిప్పి కొలత తీసుకుంటుంది. సీలు, లేబుల్, మూత చూసి ఒక్కో దానికి ఒక్కో వరస రాస్తుంది. సైజు గడి మొదటిది. ఆ తర్వాతే మిగతావి.

ముప్పై ఒకటో నంబరు ఒక మఖమల్ పెట్టె. మూత తెరిచింది. పన్నెండు గుంటల్లో పన్నెండు చిట్టి సీసాలు.

మొదట ఆమె పోల్చుకోలేదు. మఖమల్‌లో పడుకున్న వస్తువు సాక్సులోంచి వచ్చిన వస్తువులా కనపడదు. ఒకటి తీసి బోర్లించేసరికి స్పిరిట్ వాసన కొట్టింది. ఎవరో దూదితో గట్టిగా తుడిచారు. తుడిచినా, గాజు అడుగున అంచు దగ్గరుండే సన్నటి గాడిలో ఎర్రరంగు వెంట్రుకంత మిగిలిపోయింది. ఇంకోటి బోర్లించింది. అందులో ఇంకాస్త. పన్నెండోదాని గాడి చుట్టూతా ఎర్రగానే ఉంది.

అమ్మేవాడి గడిలో మదింపు సారు బావమరిది పేరు ఉంది. పక్కనే వేలం మొదలు కావలసిన ధర. అది చదివి ఆమె స్కేలు కింద పెట్టేసింది. ఆ ధరకి పిన్ని కింది గది అడ్వాన్సు కట్టి, రెండేళ్ళ అద్దె కూడా ముందే ఇచ్చేయొచ్చు.

కాగితం పట్టుకుని ఆయన గదికి వెళ్ళింది. ఆయన అద్దంలో చూసుకుంటూ టై సర్దుకుంటున్నాడు.

"సార్, ఇంత చిన్నవి వేలంలో పెట్టరన్నారు కదా?"

ఆయన తిరగకుండానే అద్దంలోంచి చూశాడు. తడబడలేదు. అబద్ధమైనా ఆడలేదు, ఆమె దానికి కూడా తగదనుకున్నాడు కాబోలు.

"నీ పనేంటి కొలతమ్మా?"

"కొలవడం సార్."

"కొలిచి రాయి. ఆలోచించడానికి జీతం వేరేవాళ్ళకిస్తున్నారు." టై బిగించాడు. "మీ పిన్ని సంతోషంగానే వెళ్ళిందిగా. ఇంకేంటి నీ బాధ?"

అదే రోజు మధ్యాహ్నం ముందు హాల్లో ఆయన ఉపన్యాసం. వేలానికి ముందు కొనేవాళ్ళని కూర్చోబెట్టి సరుకు గురించి నాలుగు మాటలు చెప్పడం ఆయనకి ఇష్టమైన పని. నలభై కుర్చీలూ నిండాయి. చేతులకి తెల్ల గ్లోవ్సు తొడుక్కుని, ఆయన పిలిచినప్పుడల్లా ట్రేలో సీసా పట్టుకుని ముందుకెళ్ళి నిలబడటం కొలతమ్మ వంతు.

"చాలామంది సీసా ఎంత పెద్దదైతే ధర అంత పెద్దదనుకుంటారు," అన్నాడాయన. "ఆ నాలుగున్నర లీటర్ల సీసా చూడండి. ఆరు సీసాల సరుకు. ఆరు సీసాల ధర వస్తుందా అంటే, రాదు. ఇంట్లో ఎక్కడ పెట్టుకుంటారు, ఎలా మోసుకెళ్తారు, ఎప్పుడు తెరుస్తారు? కొనేవాళ్ళే తక్కువ. ఇప్పుడు ఇటు చూడండి."

వేలుతో పిలిచాడు. కొలతమ్మ మఖమల్ పెట్టెతో ముందుకొచ్చింది.

"చిట్టి సీసా. కొన్నవాడు దారిలోనే తాగేస్తాడు. దాన్ని దాచుకునేంత గౌరవం ఎవడూ ఇవ్వడు. ఒకవేళ దాచినా లోపలున్నదే గుక్కెడు, మూత సందులోంచి ఏళ్ళతరబడి ఆవిరైపోతుంది. మామూలుగా వీటికి పెద్ద ధర పలకదు, నిజమే. కానీ మూతపడ్డ డిస్టిలరీవి, వరసగా పన్నెండేళ్ళవి, మెడదాకా నిండుగా ఉన్నవి? ఆ ఏళ్ళ పెద్ద సీసాలు ఇంకా అక్కడా ఇక్కడా దొరుకుతాయి. ఇవి దొరకవు. నా సర్వీసులో ఇలాంటి సెట్టు ఇదే చూడటం."

"ఎక్కడ దొరికిందండీ?" అని ముందు వరసలోంచి ఒకాయన అడిగాడు. ఎండైనా వానైనా ఊలు టోపీ తీయని మనిషి. ప్రతి వేలానికీ వస్తాడు.

"ఒక పాత కుటుంబం, ఎంతో శ్రద్ధగా దాచుకున్నారు," అన్నాడు మదింపు సారు.

పెట్టె బరువు రెండు కిలోలు కూడా ఉండదు. కొలతమ్మ దాన్ని రెండు చేతులా ఒడిసి పట్టుకుంది. ఒంటి సాక్సులూ, గోళ్ళరంగూ, చల్లగా ఉండు నాయనా అన్న పిన్ని గొంతూ అన్నీ ఆ పెట్టెలోంచే బయటికొస్తున్నట్టుంది. ఆయన మాత్రం ఇంకో పాఠంలోకి వెళ్ళిపోయాడు.

"సైజు వయసు కూడా చెబుతుంది. ఒకప్పుడు సీసా అంటే ఏడువందల యాభై మిల్లీ. తర్వాత రూలు మారి ఏడువందలకి దిగింది. ఈ డిస్టిలరీ అంతకి మూడేళ్ళు ముందే మూతపడింది. కాబట్టి దీని పేరుతో ఏడువందల సీసా ఎవడైనా మీ ముందు పెడితే, నమస్కారం పెట్టి లేచి వచ్చేయండి. లేబుల్ అబద్ధం చెబుతుంది, గాజు చెప్పదు."

టోపీ ఆయన ఆ ముక్క జేబు పుస్తకంలో రాసుకున్నాడు.

గురువారం మదింపు సారు ఒక సీసాని తనే రెండు చేతులా పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని వెనక గదిలోకి వచ్చాడు. అదే డిస్టిలరీ. మూతపడే ముందు ఆఖరుగా నింపిన నలభై ఏళ్ళ విస్కీ. లేబుల్ మీద ఏడువందల యాభై అని అందంగా అచ్చయి ఉంది. మెడదాకా నిండుగా ఉంది. ఇది కూడా బావమరిది పేరు మీదే.

"జాగ్రత్త," అన్నాడు. "నీ పదేళ్ళ జీతం ఇది." అప్పుడే ఫోను మోగితే అక్కడే నిలబడి మాట్లాడాడు. "ఇప్పుడే తెచ్చాను బావా. ఉన్నదంతా ఊడ్చిపెట్టి కొన్నాను, తెలుసుగా. ఆఁ, ఆ షాపువాడు పది రోజుల్లో నచ్చకపోతే వెనక్కిచ్చేయమన్నాడు. శనివారంతో అయిపోతుంది. ఎవడిస్తాడు వెనక్కి, పిచ్చా?"

ఆయన వెళ్ళాక కొలతమ్మ పాత చెక్క ట్రే బయటికి తీసింది. దాన్ని ఎప్పుడో, సైజు మారకముందు ఏ వడ్రంగో సీసా పొట్టకి సరిగ్గా సరిపోయేలా గుండ్రటి గుంటలు తొలిచి చేశాడు. ఆఫీసులో అందరూ స్పాంజి ట్రేలకి మారిపోయారు. ఆమె ఒక్కతే పాత సీసాలకి ఆ చెక్కదే వాడుతుంది. ఏడువందల యాభై సీసా అందులో కూర్చుంటే పీఠం మీద కూర్చున్నట్టు కదలదు. తీయాలంటే కాస్త మెలితిప్పాలి.

నలభై ఏళ్ళ సీసాని గుంటలో దింపింది. దిగింది. చెయ్యి తీయగానే టకటకమని కదిలింది.

ఆమె ఇంకోసారి కదిపింది. మళ్ళీ టక. వేరే గుంటలో పెట్టింది. అక్కడా అంతే. టేపు చుట్టింది. అదే డిస్టిలరీది, ఏ అనుమానమూ లేని పాత సీసా పక్క బీరువాలో ఉంటే తెచ్చి దాని చుట్టూ చుట్టింది. వేలెడు తేడా ఏమీ కాదు, చిటికెనవేలి గోరంత. కానీ ఆ గోరంత తేడాని పదకొండేళ్ళుగా రోజూ చూస్తున్న చేతులవి. సీసా అడుగున ఏదో పాత దుకాణం కాగితం అంటించి ఉంది. దాన్ని పీకలేదు. బొటనవేలితో కాగితం మీదనుంచే నెమ్మదిగా తడిమింది. గాజు మీద ఉబ్బెత్తుగా అంకెలు తగిలాయి. ఏడు. సున్నా. సున్నా. మరోసారి తడిమింది. అక్కడ అయిదు లేదు.

ఎవడో కొత్త సీసాకి పాత లేబుల్ అంటించి, ఏ విస్కీనో పోసి, చక్కగా సీలు వేశాడు. ఉన్నదంతా ఊడ్చి కొన్న మనిషి కంటికి భూతద్దం పెట్టుకుని దాని లేబుల్ చూసి ఉంటాడు, సీలు చూసి ఉంటాడు. టేపు చుట్టడం ఆయన హోదాకి తగ్గ పని కాదు.

సైజు గడిలో 'ఏడువందలు' అని రాసింది. చక్కగా, విడివిడిగా, తన మామూలు దస్తూరీతోనే.

రాసిందే గానీ ఆ రోజంతా ఆమెకి కుదురు లేదు. పదకొండేళ్ళలో తేడా కనపడితే ఆమె ఏనాడూ దాచలేదు. ఆ గదిలో ఆమెకున్న మర్యాద అదొక్కటే. ఇంకా రెండు రోజులుంది. ఇప్పుడు చెబితే ఆయన సీసా తిరిగిచ్చేసి డబ్బు తెచ్చుకుంటాడు. చెప్పకపోతే ఆయన చేసిన పనే తనూ చేసినట్టు. సైజులో ఏముందో ఎరిగీ నోరు మూసుకోవడమేగా ఆయన చేసింది కూడా.

శుక్రవారం మధ్యాహ్నం కొలతల కాగితం పట్టుకుని ఆయన గది ముందు నిలబడింది. చెప్పేద్దామనే వెళ్ళింది. ఆమె తరఫున చెప్పుకోదగ్గ ఆ సంగతి ఇంకెక్కడా రాసి లేదు కాబట్టి ఇక్కడ చెప్పాలి.

"రా రా, నిన్నే పిలుద్దామనుకుంటున్నాను," అన్నాడు మదింపు సారు హుషారుగా. "మీ పిన్ని దగ్గర ఇంకా ఏమైనా ఉన్నాయేమో కనుక్కో. ఆ ముసలావిడకి ఏవి ఏంటో తెలియదు పాపం. ఓసారి సాక్సులన్నీ దులపమను."

అని నవ్వాడు. సోమవారం నవ్విన నవ్వే.

కొలతమ్మ నోట్లోకి వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఒక్క క్షణం క్రితం దాకా ఆమెలో అటూ ఇటూ ఊగిసలాడినదేదో గుంటలో సరిగ్గా దిగిన సీసాలా కదలకుండా కూర్చుంది.

"కనుక్కుంటాను సార్," అంది. "కొలతలు అయిపోయాయి. ఒకసారి చూసుకుని సంతకం పెడితే అచ్చుకి పంపిస్తారట."

"కొలతల్లో నేను చూసేదేముంది?" కాగితాలు చివరికి తిప్పి సంతకం గీకాడు. ముప్పై నాలుగు వస్తువులు, నాలుగు పేజీలు. ఒక్కటీ చదవలేదు.

"సైజులన్నీ సీసా చూసి రాసినవే సార్. లేబుల్ చూసి కాదు," అంది ఆమె. చెప్పినట్టూ ఉండాలి, చెప్పనట్టూ ఉండాలి.

"మంచిది," అన్నాడాయన, ఫోను వైపు చెయ్యి చాస్తూ.

శనివారం సాయంత్రం ఆరింటికి షాపులు మూసే వేళ ఆమె పిన్ని గదిలో ఉంది. అరవై ఆరు మెట్లెక్కి పైకొచ్చి, నూనె వేడిచేసి పిన్ని మోకాళ్ళకి పట్టిస్తోంది. కీళ్ళ దగ్గర వాచి గట్టిగా ఉన్నాయి. గోడ గడియారం ఆరు దాటింది. పది రోజుల గడువు దాటిపోయింది. ఆమెకి జాలి కలుగుతుందేమోనని ఎదురుచూసింది. కలగలేదు. కలిగింది సంతోషం, నికార్సైన సంతోషం. దాన్ని చూసి కొంచెం భయం కూడా వేసింది.

"ఏంటే, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?" అంది పిన్ని.

"ఏం లేదు. ఆ చీటీ ఉందా పిన్నీ, సారు రాసిచ్చింది?"

"ఎక్కడికి పోతుంది? డబ్బుతో పాటు ఆ డబ్బాలోనే ఉంది. ఒక్క నోటు కూడా ఖర్చుపెట్టలేదు. అది దేనికీ చాలదు కదా." కాలు చాపుకుంది. "కింది గది వాళ్ళెవరో చూసెళ్ళారట. పోనీలే, మనకి రాసిపెట్టి లేదు."

"నెలాఖరు దాకా ఉంది కదా. ఆ డబ్బా ఇలా ఇవ్వు. రెండు మూడు రోజుల్లో తెచ్చిస్తాను."

సోమవారం కేటలాగు వచ్చింది. మంగళవారం సరుకుని హాల్లో పెట్టి చూడనిచ్చారు. పదకొండు గంటలకల్లా టోపీ ఆయన నలభై ఏళ్ళ సీసా ముందు నిలబడ్డాడు. కేటలాగు చూశాడు. సీసా చూశాడు. జేబు పుస్తకం తీసి పాత పేజీ వెతికాడు. తర్వాత ఏమీ అనకుండా తిన్నగా పెద్ద మేడం గదికి వెళ్ళాడు. ఆ ఆఫీసు ఆవిడది. డెబ్బై దాటిన మనిషి, గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు.

పది నిమిషాల్లో సీసా వెనక గదిలోకి, కొలతమ్మ బల్ల మీదికి తిరిగొచ్చింది. దాని చుట్టూ పెద్ద మేడం, మదింపు సారు, టోపీ ఆయన.

"కేటలాగులో ఏడువందలని ఉంది. లేబుల్ మీద ఏడువందల యాభై," అంది పెద్ద మేడం. "ఏది నిజం?"

"అచ్చుతప్పు మేడం," అన్నాడు మదింపు సారు. "ఈమె పొరపాటున రాసింది."

"కింద సంతకం మీదే ఉంది."

ఆయన కాగితం చూశాడు. తన సంతకం చూశాడు. అప్పుడు మొదటిసారి కొలతమ్మ వైపు తిరిగి పూర్తిగా చూశాడు.

"దీన్ని అమ్మేవాళ్ళని ఇలా పిలవండి," అన్నాడు టోపీ ఆయన. "తేలేదాకా నేనైతే ఈ హాల్లో ఏదీ కొనను. బయట ఉన్నవాళ్ళకీ అదే చెప్తాను."

"ఎవరినీ పిలవక్కర్లేదు. నా బావమరిదిది. నేను హామీ," అన్నాడు మదింపు సారు. మెడ ఎర్రబడింది. "నా కన్ను ఇంతవరకు తప్పలేదు. తెరవండి. తెరిచి కొలవండి. ఏడువందల యాభై ఉంటే ఈమెని ఇవాళే ఇంటికి పంపండి."

తెరవకుండా తెలుసుకునే దారి ఆ సీసా అడుగునే, ఒక కాగితం వెనక ఉంది. ఆ మాట చెప్పడానికి కొలతమ్మకి బోలెడంత సమయం దొరికింది. ఆమె ఆ సమయమంతా గాజు కొలజాడీ కడిగి, గుడ్డతో తుడిచి, ఆరబెట్టడానికి వాడుకుంది.

సీలు చుట్టూ చాకు తిప్పింది. మూత చిన్న చప్పుడుతో వచ్చింది. నాసిరకం విస్కీ వాసన గదంతా పాకింది. ఇతరులకి తెలిసిందో లేదో గానీ మదింపు సారు ముక్కుపుటాలు అదిరాయి. ఆయనకి ఆ క్షణమే తెలిసిపోయింది. అయినా ఆపమని అనలేకపోయాడు, తెరవమన్నది ఆయనే.

ఆమె నెమ్మదిగా పోసింది. కొలజాడీలో బంగారు రంగు ఒక్కో గీతే ఎక్కింది. మూడువందలు. అయిదువందలు. ఆరువందల యాభై దగ్గర ధార సన్నబడింది. సీసాని నిలువుగా పట్టుకుని చివరి చుక్క రాలేదాకా ఆగింది. తొందరేమీ లేదు. కొలజాడీని కంటి ఎత్తుకి ఎత్తి చూసింది.

"ఏడువందలు మేడం. మెడదాకా నిండిన సీసాలో ఇంతే పట్టింది."

"ఎంత తగ్గింది?"

"యాభై మిల్లీ." కొంచెం ఆగి అంది. "ఒక చిట్టి సీసాడు."

మదింపు సారు కుర్చీ వెతుక్కున్నాడు. ఖాళీ సీసాని బోర్లించి, తడిగుడ్డతో అడుగు కాగితాన్ని నానబెట్టి ఒలిచింది కొలతమ్మ. గాజులో ఉబ్బెత్తుగా ఏడు, సున్నా, సున్నా. పెద్ద మేడం వేలితో తడిమి చూసింది.

"ఇది నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు మదింపు సారు.

"గురువారం సార్. కొలిచినప్పుడే."

"గురువారం... శనివారం దాకా టైముంది నాకు. నీకు తెలుసు. నువ్వు అక్కడే ఉన్నావు. ఒక్క మాట చెప్పుంటే..."

"నా పని కొలవడమే అన్నారు కదా సార్. కొలిచి రాశాను. మీరు సంతకం పెట్టారు."

కొలతమ్మ సొరుగు లాగి, డబ్బా తీసి పెద్ద మేడం ముందు పెట్టింది. అందులో ఒక్క నోటు కూడా తగ్గని డబ్బు. దాని పైన నాలుగు మడతల చీటీ.

"ముప్పై ఒకటో నంబరు పెట్టె మా పిన్నిదండి. పోయిన వారం సోమవారం మన కౌంటరు దగ్గర సారే కొన్నారు, చిల్లర సీసాలని. అడుగు గాడుల్లో ఎర్రరంగు ఇంకా ఉంది, దీపం పెడితే కనపడుతుంది."

కౌంటరుకి వచ్చినవాళ్ళ దగ్గర ఆఫీసు మనిషి తన కోసం ఏదీ కొనకూడదన్నది ఆ సంస్థలో మొదటి రూలు. పెద్ద మేడం చీటీ చదివింది, మళ్ళీ చదివింది. టోపీ ఆయన జేబు పుస్తకం మూసేశాడు.

"పాత కుటుంబం, ఎంతో శ్రద్ధగా దాచుకున్నారు," అన్నాడు నెమ్మదిగా, మదింపు సారు మాటలే.

"అమ్మేవారి పేరు మార్చి రాయండి," అంది పెద్ద మేడం కొలతమ్మతో. తర్వాత ఆయన వైపు తిరిగింది. "ఆ డబ్బు మీది. తీసుకోండి. తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళండి."

ఆయన నోట్లు తీసి లెక్కపెట్టకుండా జేబులో కుక్కుకున్నాడు. ఆయన వెళ్ళేదాకా కొలతమ్మ కొలజాడీని మళ్ళీ చేతిలోకి తీసుకుని నిలబడింది. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

చిట్టి సీసాల్ని వేలంలో టోపీ ఆయనే పాడుకున్నాడు. మొదలు పెట్టిన ధరకి రెండింతలు దాటింది.

నెలాఖరుకి రెండు రోజుల ముందు పిన్ని కింది గదికి మారింది. సామాను మోయించడం అయ్యాక, వీధి వైపున్న కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. జనం పోతుంటే చెప్పుల దగ్గర్నుంచి తల దాకా కనపడుతున్నారు. పైనుంచైతే నడినెత్తులే కనపడేవి. సాక్సుల సంచీ ఒళ్ళో ఉంది, ఖాళీ సాక్సులు.

కొలతమ్మ నేల మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. సీసా కదిలిన సంగతి, శుక్రవారం గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన సంగతి, ఏదీ దాచలేదు. అంతా అయ్యాక తల వంచుకుంది. పిన్ని ఇప్పుడు పోనీలే అంటుందని, పాపం అతనికీ పెళ్ళాం పిల్లలుంటారు కదే అంటుందని ఆమెకి తెలుసు. దానికి ఏం జవాబు చెప్పాలో దారి పొడుగునా వెతుక్కుంటూనే వచ్చింది.

పిన్ని కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది.

"చివర్లో ఎంత తగ్గిందన్నావు?"

"యాభై మిల్లీ."

"అంటే ఎంత? చూపించు."

కొలతమ్మ బొటనవేలూ చూపుడువేలూ చాపి, మధ్యన చిట్టి సీసా నిలబడేంత ఖాళీ పెట్టి చూపించింది. పిన్ని ఆ ఖాళీని దగ్గరికి వంగి చూసింది. ఒళ్ళోని సాక్సుల సంచీ తీసి కింద పెట్టి, మోకాళ్ళ మీద చేతులానించి, కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"మళ్ళీ చెప్పు," అంది. "ఆ మూత తీసిన దగ్గర్నుంచి. నిదానంగా చెప్పు. అతని మొహం ఎలా మారిందో అది కూడా చెప్పు."